పడుగు చాచే వీధి

ఆ రోజు గొడవ నిమ్మకాయ ఊరగాయ జాడీ దగ్గర మొదలైంది.

తుఫాను నాడు మా సామాన్ల గదిలో మోకాటి లోతు నీళ్లు నిలిచాయి. జాడీకి కట్టిన వాసెన గుడ్డ ఇంకా తడిగానే ఉంది. ఉప్పునీళ్లు లోపలికి దిగి ఉంటాయని నేను జాడీని పెరట్లో వంచబోయాను. అత్తగారు ఆదిశేషమ్మ గారు గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"దానికేమైందని పారబోస్తా ఉండావు?"

"నీళ్లు దిగినాయి అత్తా. పైన తెట్టు చూడండి."

"అది నూనె తెట్టు. నాకు ఊరగాయ సంగతి నేర్పిస్తావా నువ్వు?"

"ఊళ్లో మురికంతా కలిసిన నీళ్లు. తింటే వాంతులవుతాయి."

"ఉప్పులో ఊరేదానికి ఉప్పునీళ్లు తగిల్తే ఏంది? బి.ఏ.లో చెప్పినారా ఇది?"

నేను జాడీ వదల్లేదు. ఆమె కూడా వదల్లేదు. చేతులకు కారం అంటింది. పెరటి గోడ అవతల, మా ఇంట తలదాచుకుని గంజి తాగుతున్నవాళ్లు మాటలు ఆపి వింటున్నారని ఇద్దరికీ తెలుసు, అయినా గొంతులు తగ్గలేదు. చివరికి వసారాలోంచి మామగారు కేకేశారు.

"ఊరు ఊరంతా పడిపోయి ఉంటే జాడీ కాడ కొట్లాటేంది మీకు? ఈ ఇంట్లో రెండు పొయ్యిలు పెడితేగానీ నాకు నెమ్మది ఉండదు. సర్వితోటలో చెట్లు తీయించి అబ్బయ్యకి ఆడ ఇల్లు కట్టిస్తా. ఎవరి జాడీ వాళ్లది!"

కోపంలో అన్న మాటే. కానీ మామగారు రంగనాయకులు గారు ఒకసారి అన్న మాట తిప్పుకునే మనిషి కాదు. ఆయన మా ఊరి పంచాయతీ ప్రెసిడెంటు. కావలికి తూర్పున, సముద్రానికి దగ్గరగా, బజారూ హైస్కూలూ పోస్టాఫీసూ ఉండి కూడా టౌను అనిపించుకోని ఊరు మాది. సర్వితోట, అంటే సరుగుడు చెట్ల తోట, మా ఇంటికి ఎదురుగా, రోడ్డు దాటాక మెరక మీద ఉంది. అత్తగారికి పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద ఇచ్చిన భూమి. తుఫానుకి ఆ చెట్లన్నీ చాప పరిచినట్టు ఒకే వైపుకి పడుకున్నాయి.

మా గది గోడ కూలిపోయింది గనక నేనూ మా ఆయనా దేవుడి గది ముందర పడుకుంటున్నాం అప్పుడు. మా ఆయన మాల్యాద్రి, ఇంట్లోవాళ్లకు అబ్బయ్య, హైస్కూల్లో లెక్కల మాస్టరు. ఆ సాయంత్రమే పాత క్యాలెండరు కాగితం వెనక వైపు పెన్సిలుతో ఇల్లు గీశారు. రెండు గదులు, వసారా, తూర్పు కిటికీ ఉన్న వంటిల్లు. నేను పెన్సిలు తీసుకుని వంటింట్లో ఒక గట్టు గీశాను, నిలబడి వండుకోవడానికి. పెళ్లయిన దగ్గర్నుంచీ వంగి, పొగలో, మరొకరి పొయ్యి ముందు వండుతున్నాను. ఆ గట్టు మీద నా గిన్నెలు ఏ వరుసలో ఉండాలో కూడా ఆ పూటే అనుకున్నాను.

*

నేతవాళ్ల వీధి ఊరికి తూర్పు పల్లంలో ఉండేది. అక్కడ ఒక్క గోడ మిగల్లేదు. మగ్గం గుంతలన్నీ బురదతో పూడిపోయాయి. నీళ్లు వస్తున్నాయని తెలిసిన వెంటనే మామగారు మా వడ్ల కొట్టు, పశువుల చావిడి తెరిపించి వాళ్లందరినీ లోపలికి పిలిచారు. రోజూ పెద్ద డేగిసాలో గంజి కాయించి పోయించారు. ఆయన చేసిన ఆ మేలు గురించి ఊళ్లో రెండో మాట లేదు.

వారం తిరక్కముందే కావలి నుంచి ఓవర్సీరు సమాధానం గారు జీపులో వచ్చారు. పంచాయతీ ఆఫీసు పైకప్పు ఎగిరిపోయింది కాబట్టి మీటింగులన్నీ మా వాకిట్లోనే జరిగేవి. ఆయన ఇళ్ల ప్లాను గీసిన నీలం కాగితం ఒకటి బల్ల మీద పరిచి, గాలికి ఎగరకుండా నాలుగు వైపులా రాళ్లు పెట్టారు. నేను కిటికీలోంచి చూశాను. పాత పల్లంలో మళ్లీ కట్టడానికి వీల్లేదు. సర్వితోటను ఆనుకుని ఉన్న పోరంబోకు మెరక మీద పక్కా ఇళ్లు. వీపులు ఆనించి రెండేసి ఇళ్లు, నాలుగిళ్లకొక అడ్డ సందు, మధ్యలో నలుచదరంగా ఖాళీ స్థలం, అందులో బావి. చూడటానికి ముచ్చటగా ఉంది. నాకూ నచ్చింది.

"ఇళ్లలో ఉండబోయే వాళ్లని అడిగి తీర్మానం చెయ్యాలని పై నుంచి ఉత్తర్వు వచ్చింది," అన్నారు సమాధానం గారు. "మీకేమైనా ఇబ్బందుంటే ఇప్పుడే చెప్పండి. సోమవారం నేను తీర్మానం తీసుకుని పోవాలి. ఆలస్యమైతే ఈ ఇళ్లు ఇంకో ఊరికి పోతాయి."

నేతవాళ్ల పెద్ద హజరత్తయ్య ముందుకొచ్చి, భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అయ్య ఎట్ట చెప్తే అట్టే."

"అయ్య సంగతి కాదు పెద్దాయనా. నువ్వేమంటావు?"

"తమ దయ."

మామగారు నవ్వారు. "నోరు తెరిచి చెప్పు హజరత్తయ్యా. మొహమాటం దేనికి?"

"మొహమాటమేముందయ్యా. బంగారం లాంటి ఇళ్లు."

వెనక ఉన్నవాళ్లంతా తలలూపారు. హజరత్తయ్య కోడలు పెంచలమ్మ మాత్రం గంజి చెంబు పట్టుకుని ఆ నీలం కాగితం వైపే చూస్తోంది. చెంబు వంగి గంజి కాలి మీద పడుతున్నా చూసుకోలేదు.

*

తుఫాను తర్వాత ఊళ్లో బావులన్నీ ఉప్పుబారాయి. ఇసుకలో తవ్విన దొరువు ఒక్కటే తాగడానికి నీళ్లిచ్చేది. ఊట ఊరే దాకా ఆడవాళ్లమందరం గట్టు మీద బిందెలు పెట్టుకుని కూర్చునేవాళ్లం. మర్నాడు పెంచలమ్మ పక్కన చోటు దొరికింది. నా ఈడుదే.

"సిమెంటు గోడలంట గదా పెంచలమ్మా. బాగుంటాయి."

"బాగుంటాయమ్మా."

"ఏంది, జ్వరమొచ్చినదానిలా అంటావు?"

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మీరు చదువుకున్నోళ్లు. ఆ కాయితంలో మా వీధి యాడుండాదో చెప్పండి."

"నాలుగు వీధులుండాయి గదా."

"నాలుగు సందులుండాయి. వీధి ల్యా."

నా నెత్తిన ఎవరో మొట్టినట్టయింది. ఊళ్లో తెలియనివాళ్లు లేరు ఆ సంగతి. తెల్లవారుజామున నేతవాళ్ల వీధిలో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులు, చాచి, గుంజలకు బిగించి, రెండు వైపులా నిలబడి గంజి పట్టిస్తారు. ఎవరి పడుగైనా వీధంతా వచ్చి చెయ్యి వేస్తుంది. ఆ వేళప్పుడు ఎవరి బండి వచ్చినా వీధి మొదట ఆగిపోవలసిందే. మామగారి బండి కూడా ఆగేది. పడుగు చాచే చోటు లేకపోతే మగ్గం ఉండీ లాభం లేదు. అంతా తెలిసిన మేమే ఆ కాగితం చుట్టూ నిలబడి బావి ఎంత బాగా వచ్చిందో అనుకున్నాం.

"మరి మీ మామ అప్పుడే చెప్పలేదేం?"

"ఎట్టా చెప్తాడమ్మా? అయ్యోరి కొట్టులో పడుకుని, అయ్యోరి గంజి తాగి, అయ్యోరి వాకిట్లో నిలబడి, ఇది మాకు పనికిరాదంటే నోట్లో పురుగులు పడవా?"

"చెప్పకపోతే?"

"ఆ ఇంట్లో చేరి, మగ్గం కర్రలు పొయ్యిలో పెట్టుకుని, కూలికి పోతాం. మా చినమామోళ్లు పోనే పోయినారు గదా."

నిజమే. రోజూ ఒక బండి కావలి స్టేషనుకి వెళ్తోంది. కొందరు వెంకటగిరి పోతున్నారు, కొందరు ఎటు పోతున్నారో వాళ్లకే తెలియదు.

"వీధి ఎటు సాగదీస్తే సరిపోతుంది?" అన్నాను.

ఆ మెరకకి ఒక పక్క కాలవ, ఒక పక్క పల్లం, ఇంకో పక్క రోడ్డు. పెంచలమ్మ గడ్డంతో నాలుగో వైపు చూపించింది.

"అటైతే సరిపోద్ది. అటు మీ తోట."

నా బిందె నిండి పొర్లుతోందని ఆమే చెప్పింది.

*

ఆ పూట నేనెవరికీ ఏమీ చెప్పలేదు. మర్నాడు పొద్దున వాకిలి ఊడుస్తుంటే ఇంకో బండి వెళ్లింది. మగ్గం పలకల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. మా ఇంటి ముందు బండి ఆపించి, దిగి, మా గడపకు దణ్ణం పెట్టి మళ్లీ ఎక్కింది. నేను చీపురు పక్కన పెట్టి లోపలికి వెళ్లి మా ఆయనతో చెప్పాను.

"వాళ్లు సరేనన్నారు గదా సుభద్రా. నాన్న మళ్లీ మళ్లీ అడిగినాడు."

"అడిగింది యాడ?"

"యాడేంది? మన వాకిట్లో."

"అందుకే అన్నారు."

ఆయనకు అర్థమైంది. లెక్కల మాస్టరు కాబట్టి రెండో సంగతి కూడా వెంటనే తట్టింది. "వీధి అంత పొడుగు పోతే మన ఇల్లుండదు. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసే చెప్తా ఉండావా?"

"తెలుసని చెప్తా ఉండా. ఇల్లు పోవాలని చెప్పలా."

ఆయన లేచి చొక్కా తొడుక్కున్నారు. మంచి మనిషి. విన్నది దాచుకోలేరు. బడికి వెళ్తూ వసారాలో తండ్రికి చెప్పారు, పేరు చెప్పకుండా, "నేతవాళ్లకి కొంచెం ఇబ్బందుందంట" అని. నేను కోరుకున్నదీ అదే. జరిగింది మాత్రం ఇంకోటి.

మామగారు మధ్యాహ్నం గంజి వేళకి వాకిట్లోకి వచ్చి, అందరూ చెంబులు పట్టుకుని నిలబడి ఉండగా, హజరత్తయ్యను పిలిచారు.

"ఏమయ్యా, కొత్త ఇళ్ల విషయంలో మీకు ఇబ్బందుందంట. నాతో చెప్పకుండా ఎవరితోనో చెప్పుకుంటా ఉండారంట."

హజరత్తయ్య మొహం తెల్లబోయింది. "ఎవరన్నారయ్యా ఆ మాట?"

"ఎవరో అన్నారు. ఉందా, లేదా?"

"లేదయ్యా."

"అందరూ వింటా ఉండారు. చెప్పు."

"మా బిడ్డల మీద ఒట్టయ్యా. ఏ ఇబ్బందీ లేదు."

పెంచలమ్మ తల వంచుకుని గంజి పోయించుకుంది. గరిటె నా చేతిలోనే ఉంది. ఆమె నా మొహం చూడలేదు. అంతకు ముందు సరేనన్న మాట ఒక్కటే అడ్డం. ఇప్పుడు ఒట్టు కూడా పడింది, నా వల్ల.

వంటింట్లోకి రాగానే అత్తగారు తలుపు దగ్గరగా వేశారు.

"ఎవరు చెప్పినారు నీకు?"

"పేరు చెప్పను అత్తా."

"ఎందుకని?"

"వాళ్లు రేపు గూడా మన గంజికి రావాల."

జాడీ గొడవ తర్వాత మేమిద్దరం అవసరమైన మాటలు తప్ప మాట్లాడుకోలేదు. అత్తగారు పొయ్యి ముందు కూర్చుని కట్టె వెనక్కి లాగారు.

"ఆ తీర్మానంలో నా సంతకం గూడా ఉండాల గదా?"

ఉండాలి. ఆడవాళ్లు కూడా పంచాయతీలో ఉండాలని రూలు వచ్చినప్పుడు మామగారు ఆమె పేరే రాయించారు. ఒక్క మీటింగుకీ ఆమె వెళ్లింది లేదు. వాకిట్లో మీటింగు జరుగుతుంటే లోపల కాఫీ కలిపేవారు. గుమస్తా తెచ్చిన చోటల్లా సంతకం పెట్టేవారు.

"ఉండాల. మీరు మెంబరు."

"నేనెప్పుడూ ఏం రాసినారో అడగలా."

"తీర్మానం చదివి చెప్పేదా?"

"చదివితే నాకేం తెలుస్తుంది. ఆ నేల చూపించు."

*

ఆదివారం దొరువు దగ్గర పెంచలమ్మ నాకు దూరంగా కూర్చుంది. నేనే బిందె తీసుకుని వెళ్లి పక్కన పెట్టాను.

"ఇంక నాతో ఏం చెప్పబాకండి అమ్మా," అంది. "మా మామ నిన్నటి నుంచి అన్నం ముట్టలా."

"నేను చెప్పమని అడగను. రేపు పొద్దున ఓవర్సీరు గారు మెరక మీద సున్నంతో గీతలు గీయిస్తారు. మా మామయ్య గూడా వస్తారు. మీరేం మాట్లాడొద్దు, కాదనొద్దు. ఒక పడుగు తెచ్చి చాచండి."

"దేనికి?"

"ఎప్పుడూ దేనికి చాస్తారో దానికే."

"ఒట్టు పెట్టినాడమ్మా మా మామ."

"నోటితో పెట్టినాడు. తడిసిన పడుగు ఎండకేసేదానికి అదేం అడ్డం?"

ఆమె బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. వస్తారో రారో తెలియదు. రాకపోతే తీర్మానం సోమవారమే వెళ్లిపోతుంది. వస్తే ఏమవుతుందో అనుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

సోమవారం తెల్లారేసరికి అత్తగారు చీర మార్చుకుని సిద్ధంగా ఉన్నారు. గంజి డేగిసా మెరక మీదికి పంపిద్దామా అని పనిమనిషి అడిగింది. వద్దన్నాను. "పని అయినాక ఇక్కడికే వచ్చి తాగుతారు," అన్నాను.

మెరక మీద సమాధానం గారు తాళ్లు పట్టించి, ఇద్దరు మనుషుల చేత సున్నం చల్లిస్తున్నారు. ఇళ్లు, సందులు, నలుచదరం, నడుమ బావికి ఒక మేకు. నీలం కాగితం మీది గీతలు ఇసుక మీదికి దిగాయి. మామగారు చేతికర్ర పట్టుకుని ఆ గీతల మధ్య తిరుగుతున్నారు. మమ్మల్ని చూసి ఆగారు.

"నువ్వెందుకొచ్చినావు?"

"చూసిపోదామని," అన్నారు అత్తగారు.

నేతవాళ్లు ఎవరూ రాలేదు. ఎండ ఎక్కుతోంది. సమాధానం గారు రెండుసార్లు రోడ్డు వైపు చూశారు. "ఇళ్లు కట్టుకునేవాళ్లు ఒక్కరన్నా వస్తే బాగుండేది," అన్నారు. "గీతల్లో నిలబెట్టి అడిగితే మనుషులకి అర్థమవుతుంది."

"అడిగినాం గదా," అన్నారు మామగారు. "ఒకటికి రెండుసార్లు."

అప్పుడు రోడ్డు మీద కనిపించారు. ముందు పెంచలమ్మ, చంకలో వెదురు కర్రల కట్ట. వెనక ఆడవాళ్లు, మగవాళ్లు. భుజాల మీద పడుగు చుట్ట. అందరికంటే వెనక హజరత్తయ్య, ఒట్టి చేతులతో, ఎవరో బలవంతాన తీసుకొచ్చినట్టు. ఎవరూ మామగారి దగ్గరికి రాలేదు. దూరం నుంచే దణ్ణాలు పెట్టి రోడ్డు పక్కన మొదటి గుంజ నాటారు.

పడుగు విప్పడం మొదలుపెట్టారు. ఉప్పునీళ్లకు రంగు పోయిన నూలు, అక్కడక్కడ తెగి ఉంది. మొదటి ఇంటి గీత దాటింది. అడ్డ సందు దాటింది. రెండో వరుస ఇళ్ల మీదుగా, ఎవరి పడకగదో, ఎవరి వాకిలో, అన్నిటి మీదుగా సాగింది. బావి మేకు దగ్గరికి వచ్చేసరికి పట్టుకున్నవాళ్లు చేతులు పైకెత్తి దాన్ని దాటించారు. సున్నం చల్లే మనుషులు కూడా తట్టలు కింద పెట్టారు. పడుగు ఇంకా ఉంది. ఆఖరి ఇంటి గీత దాటి మా సర్వితోట ముళ్లకంచె దగ్గరికి వచ్చి ఆగింది.

ఆఖరి గుంజ నాటడానికి చోటు లేదు. పెంచలమ్మా, ఇంకో ఇద్దరూ కొస పట్టుకుని, కంచెకు వీపులు ఆనీ ఆనకుండా, వెనక్కి వాలి నిలబడ్డారు. ఇంకా బిగువు రాలేదు. నడుమ పడుగు నేల వైపు వేలాడుతోంది. కొస పట్టుకున్నవాళ్ల చేతులు వణుకుతున్నాయి.

"ఏంది హజరత్తయ్యా ఇది?" అన్నారు మామగారు.

"ఏంలేదయ్యా. తడిసిన పడుగు. ఎండకి చాచినారు."

"ఆ కంచె కాడ నిలబడినారేం?"

హజరత్తయ్య తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

"చోటు చాల్లేదయ్యా."

అంతే అన్నాడు. సమాధానం గారు తన చేతిలోని నీలం కాగితాన్ని చూసి మడత పెట్టారు. మామగారు చేతికర్ర ఇసుకలో గుచ్చి, తియ్యలేదు.

అత్తగారు నా చెయ్యి పట్టుకుని కంచె దగ్గరికి నడిచారు. మెల్లగా, నాకొక్కదానికే వినపడేలా అడిగారు.

"మీ వంటిల్లు యాడ?"

నేను చూపించాను. కంచెకు ఆ పక్కనే, పడిపోయిన సర్విచెట్టు మొదలు దగ్గర. తూర్పు కిటికీ, గట్టు, అన్నీ అక్కడే.

"గుంజ అక్కడ పడుద్ది," అన్నారు.

"అవును."

"ముందర నువ్వు చెప్పాల. తర్వాత నన్ననబాక."

ఆమె కళ్లలో జాలి లేదు, తొందర లేదు. నేను పెంచలమ్మ మోచేతులు చూశాను. ఆ గట్టు మీద వరుసగా పెట్టుకున్న గిన్నెలు ఒక్కొక్కటే దించుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది. కొస పట్టుకున్నవాళ్లు ఓర్చుకున్నారు.

"నాటమనండి," అన్నాను.

అత్తగారు చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని కంచెలో ఒక ముళ్లమండ పట్టి పక్కకి లాగారు. చేతికి గుచ్చుకుంది. ఇంకోటి లాగారు.

"ఈడ నాటండే," అన్నారు.

*

మధ్యాహ్నం మామగారూ మా ఆయనా భోజనానికి కూర్చున్నారు. అత్తగారు వడ్డిస్తున్నారు, నేను నీళ్లు అందిస్తున్నాను. తీర్మానం మీద మీటింగు నాలుగింటికి. సమాధానం గారు అప్పటిదాకా పోస్టుమాస్టరు గారింట్లో ఉంటానని వెళ్లారు, మా ఇంట్లో భోజనం వద్దన్నారు.

పప్పు అన్నం అయిపోయింది.

"కంచె ఎవర్నడిగి తీసినావు?" అన్నారు మామగారు, తల ఎత్తకుండా.

"ఎవర్నడగాల? మా నాయన నాకిచ్చిన తోట."

"ఇన్నేళ్లు దాన్ని చూసింది నేను."

"చూడబట్టే ఇంకా ఉండాది. కాదన్నానా?" అత్తగారు చారు పోశారు. "వీధి వాళ్ల పడుగంత ఉండాల. ఎంత చాలకపోతే అంత నా తోటలో తీసుకోమని చెప్తా. నా మాట ఇదే. ఒట్టి సంతకం ఇంక పెట్టను."

"నేనడిగితే లేదని ఒట్టు పెట్టినాడే వాడు!" మామగారి గొంతు పెరిగింది. అందులో కోపం కంటే నొప్పి ఎక్కువ ఉంది. "అంతమందిలో నా పరువు ఏమైనట్టు? నేనేమన్నా కాని మనిషినా? నాతో చెప్పకూడదా?"

"మీరు కాని మనిషైతే ఎప్పుడో చెప్పి ఉంటారు. మీ గంజి కడుపులో పెట్టుకుని, మీ వాకిట్లో నిలబడి ఎట్టా చెప్తారు?"

ఆయన చెయ్యి విస్తరాకు మీద ఆగింది. గోడ మీద మా వాకిట్లో గంజికి వచ్చినవాళ్ల నీడలు కదులుతున్నాయి.

"మరి అబ్బయ్య ఇల్లు?"

"కోడల్ని అడిగే నాటించినా."

మా ఆయన నా వైపు చూశారు. పొద్దున జరిగింది బడిలో ఎవరో చెప్పే ఉంటారు.

"నన్నడగలేదు," అన్నారు.

చెంబు పట్టుకుని నిలబడ్డాను. "ఇప్పుడడుగుతా ఉండా," అన్నాను. "ఏమంటారు?"

"అమ్మా నాన్నా ముందర, అన్నం కాడ కూర్చోబెట్టి అడిగితే ఏమంటాను?" కొంచెం నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. చారన్నం కలుపుతూ, "నాటిన గుంజని పీకమనను. ఉన్న గదికే గోడ పెట్టుకుందాం," అన్నారు.

"బాగుంది," అన్నారు మామగారు. "అందరూ మాట్లాడుకున్నారు. నేను మాత్రం రెండుసార్లు చెప్పించుకున్న మాట నా నోటితో తిప్పను. నాలుగింటికి మీటింగులో నువ్వే చెప్పుకో."

ఆమె వెనక్కి తగ్గుతారనే ఆయన అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. అత్తగారు ముళ్లు గీరుకున్న చేత్తో మజ్జిగ చెంబు అందుకుని ఆయన విస్తట్లో పోశారు.

"చెప్తా. కానీ మీటింగు ఈ వాకిట్లో కాదు. ఆ మెరక మీద పెట్టించండి. వాళ్లందర్నీ అక్కడికే రమ్మనండి. హజరత్తయ్య నోరు తెరిస్తే నేను చెప్పే పనే ఉండదు."

మామగారు మజ్జిగన్నం పూర్తిగా తిన్నారు. వేళ్లు దులిపి, లేచే ముందు ఒక్కసారి భార్య మొహం చూశారు.

"నాలుగింటికి అక్కడ ఎదురెండ," అన్నారు. "గొడుగు తెచ్చుకో."